విరహ విచారము

ప్రేమించినవారు దగ్గర లేనప్పుడు మనస్సు పడు వేదనకు మన యాలంకారికులు విప్రలంభమని పేరు పెట్టిరి. శృంగారమును సంభోగ విప్రలంభములని రెండుగా విభజించి, వియోగము లేనిదే ప్రేమ పుష్టి పొందదని వారిలో పలువురు నిర్ణయించిరి. మేఘునితో మాటలాడు యక్షుని మొదలుకొని నేటి చలనచిత్రములలో కిటికీకడ నిలిచి పాడు నాయికవరకు మనము వినుచు వచ్చిన పాటలెల్ల ఈ నిర్ణయమునకు సాక్ష్యములే. కావున విరహము గొప్పదనుట మనకు సిద్ధాంతముకంటె అలవాటుగా మారినది. అలవాటైన దానిని అప్పుడప్పుడు నిలిపి ప్రశ్నించుట మంచిది. వియోగము ప్రేమను పెంచునని చెప్పునప్పుడు ఎవరి ప్రేమను పెంచుచున్నది? ఎవరి కష్టముమీద పెంచుచున్నది? వేచియుండు మనిషి యొకరు; ఆ వేచియుండుటను పాటగా కట్టిన మనిషి వేరొకరు; ఆ పాటను విని తల యూపువారము మనము. బాధ యొకరిది, కీర్తి యొకరిది, ఆనందము మరియొకరిది యైనప్పుడు, ఆ యానందము న్యాయమైనదేనా? ఇది రసమునకు సంబంధించిన ప్రశ్నవలె కనబడును గాని, నిజమునకు ధర్మమునకు సంబంధించిన ప్రశ్న.

ఈ ప్రశ్నను మన కావ్యములమీదనే వేయవచ్చును. కాని చిన్నతనమునుండి చెవికి పట్టిన దానియందు గుణదోషములు కనుగొనుట కష్టము. పరుల యింటి గోడకు పడిన బీట కనబడినంత శీఘ్రముగ మన యింటి గోడకు పడినది కనబడదు. అందుచే మేము రెండు దూరపు సాహిత్యములను ఎన్నుకొంటిమి. ఒకటి చీనాదేశపు ప్రాచీన కవిత్వము. రెండవది యూరపు ఖండమున పుట్టిన ఒపెరా యను గేయనాటకము. వీనికంటె భిన్నమైన కళలను చూపుట కష్టము. చీనా పద్యము నలువది యక్షరములలో ముగియగలదు. ఏకాంతమున మెల్లగ చదువుకొనదగినది. ఒపెరా మూడు నాలుగు గంటలు నడచును. దానికి పెద్ద రంగస్థలము, వాద్యబృందము, ఆ వాద్యములను మించి మ్రోగు కంఠములు కావలెను. ఒకటి చెప్పక విడుచుటలో బలము గలది. రెండవది చెప్పినదానినే మరల మరల పెంచి పాడుటలో బలము గలది. ఇంత భిన్నమైన రెండు కళలలోను ఒకే గుణము, ఒకే దోషము కనబడెనేని, అవి యొక దేశమునకు గాక మనుష్యస్వభావమునకు చెందినవని తేలును.

ముందు చీనాదేశమును చూతము. అక్కడి గ్రంథములలో మిక్కిలి పురాతనములైన వానిలో నొకటియగు షీ జింగ్ అను గీతసంగ్రహమున మూడు వందల యైదు పాటలు గలవు. అందలి మొదటి పాటయే, తాను కోరిన కన్యను తలంచుకొని నిద్ర పట్టక ప్రక్కలు మార్చు యువకుని గూర్చినది. కన్ఫ్యూషియస్ ఈ పాటను మెచ్చుకొనెను. అందలి సంతోషము గాని దుఃఖము గాని మేర మీరలేదనుట ఆయన మెప్పునకు కారణము. తరువాతి వ్యాఖ్యాతలు ఇది యొక రాణి సద్గుణములను పొగడు పాటయని యర్థము చెప్పిరి. యువకుని యారాటమును ఉన్నదున్నట్లు ఉండనిచ్చుటకు పండితులకు ధైర్యము చాలలేదని తోచుచున్నది.

ఆ కవిత్వమున విరహ మింత విస్తారముగ నుండుటకు కారణము ఆ జాతి హృదయము మెత్తనిదగుటయే కాదు. ఆ దేశమున చదువుకొన్నవారికి రాచకొలువే జీవనము. ఉద్యోగి తన సొంత సీమయందు పని చేయరాదను నియమము చాలకాలము నడచెను. పరీక్షకని రాజధానికి పోయినవాడు, కొలువునకని సరిహద్దునకు పంపబడినవాడు, రాజాగ్రహమునకు గురియై దక్షిణపు టడవులకు తరుమబడినవాడు ఏండ్ల తరబడి ఇల్లు చూడడు. సామాన్యులు సైనికులై వాయవ్యపు టెడారులకు పోయిరి. శరత్కాలము రాగానే వారి భార్యలు చలిబట్టలు సిద్ధము చేయుటకై గుడ్డను రాతిమీద పరచి కర్రతో మోదెడివారు. రాత్రివేళ ఊరంతట వినబడు ఆ చప్పుడు తాంగ్ వంశకాలపు పద్యములలో మాటిమాటికి వచ్చును. లీ బాయ్ (701–762) పద్యములందును కలదు. విరహమనగా వెన్నెల, పూవు, కోకిల యని తలంచు మనకు ఈ చప్పుడు మేలుకొలుపువంటిది. ఈ విరహము మన్మథుని బాణమువలన వచ్చినది కాదు, పరిపాలనవలన వచ్చినది. ఎవరో యొకరు ఆజ్ఞ వేసిరి గనుక ఎవరో యొకతె ఒంటరి యైనది.

ఆ భాషాస్వభావమును గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. తెలుగున క్రియాపదము చూడగానే నేనో, నీవో, ఆమెయో తెలియును. ప్రాచీన చీనా భాషలో క్రియకు పురుషభేదము లేదు, కాలభేదమును లేదు, కర్తను చెప్పకయే పద్యమును నడపవచ్చును. కావున చంద్రుని చూచి నిట్టూర్చునది కవియా, కవిని తలంచు భార్యయా యని తేల్చి చెప్పుట అనేక పద్యములలో సాధ్యము కాదు. దుఃఖము ఇరువురికి ఉమ్మడి సొత్తగును.

వ్యాకరణ మిచ్చిన ఈ సౌకర్యమును మించి, బుద్ధిపూర్వకముగ ఎదుటివారి స్థానమున నిలిచిన కవి దూ ఫూ (712–770). 755వ సంవత్సరమున ఆన్ లూషాన్ అను సేనాని చక్రవర్తిమీద తిరుగబడెను. మరుసటి సంవత్సరము దూ ఫూ తన భార్యాబిడ్డలను ఫూజౌ అను చోట నుంచి, కొత్త చక్రవర్తిని చేరబోవుచు దారిలో తిరుగుబాటుదారులకు చిక్కి, చాంగాన్ నగరమున నిలిచిపోవలసి వచ్చెను. అప్పుడు వ్రాసిన వెన్నెల రాత్రి యను ఎనిమిది పాదముల పద్యము ఆ దేశమున బాలురకు సైతము తెలిసినది. అందు కవి తన దుఃఖముతో ఆరంభింపడు. దూరమున తన భార్య ఒంటరిగ చంద్రుని చూచుచుండుటను ఊహించును. తండ్రిని తలంచుట యెట్టిదో యెరుగని పసిబిడ్డలను ఊహించును. మంచుకు తడియు ఆమె జుట్టును, వెన్నెలలో చల్లబడు ఆమె చేతులను ఊహించును. తుదకు ఇరువురును ఒక్కచోట కూర్చుండి ఆ చంద్రునే చూచు దినము ఎప్పుడు వచ్చునోయని ఆశపడును.

విరహమున మనిషి సహజముగ తన్ను తాను చూచుకొనును. నాకు నిద్ర లేదు, నాకు అన్నము సహింపదు, నేను చిక్కిపోతిననును. ఈ కవియో, ఆమెకు చలి వేయుచుండునేమో యని తలపోసెను. ఈ చిన్న మార్పులో నీతి యంతయు ఇమిడియున్నదని మా యభిప్రాయము. దూరమైన మనిషి ఒకరి తలపులలో నలిగి నలిగి బొమ్మగా మారిపోవచ్చును. లేదా రోజురోజుకు మరింత నిజమైన మనిషి కావచ్చును. దూ ఫూ భార్య ఆ పద్యమున నిజమైన మనిషి. అంతకు కొలది నెలల ముందు, 755వ సంవత్సరాంతమున, అతడు రాజధానినుండి ఇంటికి తిరిగి రాగా గుమ్మముకడనే ఏడ్పు వినబడెను. చిన్న కుమారుడు ఆకలిచే మరణించియుండెను. బిడ్డకు తిండి పెట్టజాలని తండ్రినైతినని సిగ్గుపడుచు వ్రాసిన దీర్ఘపద్యమునందే, పన్ను లేక, సైన్యమున చేరు బాధ లేక బ్రతుకు తనకే ఈ గతి పట్టగా సామాన్యుల గతి యేమని ఆతడు తలపోసెను. ఇట్టివానికి ఎడబాటు వట్టి తీపిబాధ కాజాలదు. అది ఋణమువలె మీద కూర్చుండును.

అయితే చీనా కవులందరు దూ ఫూలు కారు. అంతఃపురపు నిట్టూర్పులను గూర్చి వ్రాయుట అక్కడ ఒక ప్రత్యేక శాఖ. భర్త రాక, రాజు రాక, మెట్లమీద మంచు పేరుకొనుచుండగా వేచియుండు స్త్రీయే వాని నాయిక. వ్రాసినవారు మాత్రము చాలవరకు పురుషులు. దీనికి వేరొక కారణమును కలదు. చూ యువాన్ కాలమునుండి, రాజు నాదరము గోల్పోయిన మంత్రి తన్ను విడువబడిన ప్రియురాలితో పోల్చుకొనుట ఆ సాహిత్యమున ఆచారమయ్యెను. కావున పుటమీద కన్నీరు కార్చు స్త్రీ తరచు మారువేషమున నున్న ఉద్యోగార్థి. కొలువునకై వ్రాసుకొన్న అర్జీకి ఆమె కన్నీరు సిరాగా ఉపయోగపడినది. ఆమెను గూర్చి వేయి పద్యములు వ్రాయబడెను. ఆమెను ఆ గదిలో ఎవరు పెట్టిరను ప్రశ్న వానిలో బహు కొద్దిచోట్లనే వినబడును.

స్త్రీయే స్వయముగ కలము పట్టినప్పుడు ఏమి జరిగినదో చూడవలెనన్న లీ చింగ్‌జావ్‌ను చదువవలెను. ఈమె 1084లో జన్మించి, 1101లో జావ్ మింగ్‌చెంగ్ అను పండితుని వివాహమాడెను. దంపతులిరువురు ప్రాచీన శాసనముల ప్రతులను, గ్రంథములను సేకరించుటయందు జీవితము గడపిరి. 1127లో ఉత్తరభూములు జుర్చెన్ జాతివారి పాలయ్యెను. 1129లో భర్త మరణించెను. పారిపోవుచున్న రాజ్యమువెంట ఆమెయు పారిపోవుచు, ఆ సేకరణమును దారిపొడుగున పోగొట్టుకొనెను. భర్త గ్రంథమునకు ఆమె వ్రాసిన అనుబంధమున ఒక స్మృతి కలదు. భోజనానంతరము ఇరువురు కూర్చుండి, ఫలాని విషయము ఏ గ్రంథమున ఏ పుటలో ఏ పంక్తిలో నున్నదో చెప్పుకొని పందెము వేసెడివారు; గెలిచినవారు ముందుగ తేనీరు త్రాగవలెను; నవ్వునకు గిన్నె ఒలికి ఒడి తడిసెడిది. ఈమె విరహమున తలంచుకొన్నది చంద్రముఖమును కాదు, తనతో సమానముగ పందెము వేసిన బుద్ధిని. పురుషులు వ్రాసిన అంతఃపుర పద్యములలో ఇట్టి నవ్వు మాకు కనబడలేదు.

తరువాతి కథ మరింత విచారింపదగినది. 1132లో ఈమె పునర్వివాహము చేసికొనెను. ఆ రెండవ భర్త దుష్టుడని తెలియగానే, కొలది నెలలలోనే, అతని నేరములను అధికారులకు తెలిపి విడాకులు పొందెను. భర్తమీద నేరము మోపిన భార్యకు కారాగారము విధించు చట్టమును ఆమె యెరుగును. ఎరిగియే కొన్ని దినములు చెరలో నుండెను. ఇది జరిగిన కొన్ని శతాబ్దములకు, మింగ్ చింగ్ వంశముల కాలమున, కొందరు పండితులు ఈ పునర్వివాహము జరుగనే లేదని, ఇది శత్రువుల కల్పనయని గ్రంథములు వ్రాసిరి. వారు ఆమెను ద్వేషించినవారు కారు, ఆరాధించినవారు. ఎడబాటును అంత చక్కగ పాడిన స్త్రీ మరియొకరిని పెండ్లాడుట వారికి సహింపలేదు. వారికి కావలసినది ఆమె విరహమే గాని ఆమె కాదు. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు చేయించిన వితంతువివాహమునకు వచ్చిన ఆక్షేపణలను చదివినవారికి ఈ మనస్తత్త్వము కొత్తది కాదు. స్త్రీ దుఃఖమును పూజించువాడు ఆమె దుఃఖము తీరుటను అపచారముగ నెంచుట ఎల్ల దేశములందును కలదు.

ఇక రాజుల విరహమును చూతము. షువాన్‌జోంగ్ చక్రవర్తి యాంగ్ గ్వీఫే యను సుందరిని ప్రేమించిన కథ ఆ దేశమున సుప్రసిద్ధము. ఆమె మొదట ఆయన కుమారుని భార్య. తండ్రి కోడలిని తన అంతఃపురమునకు తెచ్చుకొని 745లో గ్వీఫే పదవి నిచ్చెను. ఆయనకు ఆమెకు వయస్సున ముప్పదినాలుగేండ్ల అంతరము. 756లో తిరుగుబాటునకు వెరచి రాజధాని విడిచి పారిపోవుచుండగా, మావే అను మజిలీలో సైనికులు ఆమె ప్రాణము కోరిరి, చక్రవర్తి ఒప్పుకొనెను. అర్ధశతాబ్దము గడచిన పిదప 806లో బాయ్ జూయీ (772–846) ఈ కథను అనంతశోక గీతముగ వ్రాసెను. అందు ఆమె పూర్వవివాహము ప్రస్తావింపబడలేదు. ఎవరికిని తెలియక పుట్టింటిలో పెరిగిన కన్యగా చూపబడెను. ఆమె మరణము కొలది పంక్తులలో ముగియును. తరువాత చాలవరకు చక్రవర్తి వేదనయే: తోట చూచి ఏడ్చుట, దీపము చూచి ఏడ్చుట, మాంత్రికుని పంపి ఆమె ఆత్మను వెదకించుట. పద్యము మహామనోహరమైనది, అందు సందేహము లేదు. కాని చదివి ముగించునప్పటికి మన జాలి యెవరికి చేరినదో గమనింపుడు. ప్రాణము కోల్పోయినది ఆమె. మన కన్నీరు ఒప్పుకొన్నవానికి దక్కినది.

ఆ కవికే ఈ సంగతి తెలియనిది కాదు. ఆయనయే వేరొక పద్యమున, పదునారవయేట షాంగ్‌యాంగ్ భవనమున ప్రవేశపెట్టబడి, రాజును చూడకయే అరువదియేండ్ల ముసలిదైన దాసిని గూర్చి వ్రాసెను. అందు మాంత్రికులు లేరు, దివ్యద్వీపములు లేవు. మూసిన తలుపు కలదు. లోకము అనంతశోక గీతమును కంఠస్థము చేసినంతగా ఈ ముసలిదాని కథను చేయలేదు.

ఇప్పుడు యూరపునకు పోదము. ఒపెరా ఇటలీదేశమున పదునారవ శతాబ్దాంతమున పుట్టినది. మోంతెవెర్డీ రచించిన ఓర్ఫియో 1607లో మాంతువా నగరమున ప్రదర్శింపబడెను. నేటికిని ఆడబడుచున్న ఒపెరాలలో అది మిక్కిలి పాతవానిలో నొకటి. చనిపోయిన భార్యను తెచ్చుకొనుటకు పాతాళమునకు దిగిన గాయకుని కథ అది. ఈ కళ పుట్టుకయే విరహముతో నైనదనవచ్చును. అందు ఓర్ఫియో పాడునది మిక్కిలి ఎక్కువ. భార్యయగు యూరిడిచే పాడునది బహు స్వల్పము. తిరిగి చూడరాదను షరతుమీద ఆమెను వెంట తెచ్చుకొనుచు, ఓర్వలేక వెనుదిరిగి చూచెను. ఆమె మరల మృతురాలయ్యెను. తొందర ఆయనది, రెండవ మరణము ఆమెది. ఆ పిదప మరల ఆయనయే పాడును.

విరహమును తత్త్వముగ మార్చిన ఒపెరా వాగ్నర్ రచించిన ట్రిస్టాన్, ఇసోల్డె. 1865లో మ్యూనిక్ నగరమున అది మొదట ఆడబడెను. కోరికయే దుఃఖమూలమని చెప్పిన షోపెన్‌హవర్ గ్రంథమును 1854లో చదివిన పిదప వాగ్నర్ దీనికి పూనుకొనెను. మొదటి పంక్తులలోనే ఒక స్వరసమూహము మ్రోగును. అది చెవికి పూర్తి గానట్లుండును. తరువాతి స్వరమును కోరును. ఆ కోరినది దొరకదు. దొరికినట్లే తోచి మరియొక కోరికగ మారును. ఇట్లు నాలుగు గంటలు నడచి, నాయిక ప్రియుని కళేబరముపై తానును ఒరిగిపోవునప్పుడు మాత్రమే ఆ స్వరము విశ్రాంతి పొందును. శ్రోతకు విరహమును వర్ణించి చెప్పుట కాదు. అతని చెవిలోనే విరహమును పుట్టించుట. ఇంత నేర్పు మరియొకచోట అరుదు.

కాని ఆ ప్రేమికులు కోరునదేమి? వారి పేర్లను కలుపు మరియు అను చిన్న మాటను గూర్చియు వారు చర్చింతురు. ఆ మాట కూడ లేకుండ ఇరువురు కరిగి యొకటి కావలెనని వారి తపన. పగలు శత్రువు, రాత్రి మిత్రము, మరణము గమ్యము. ఇందు దూ ఫూ అడిగిన ప్రశ్నకు చోటు లేదు. ఆమెకు చలి వేయుచున్నదా యని అడుగవలెనన్న ఆమె వేరుగ నుండవలెను. ఎదుటివారు ఎదుటివారుగ నిలువవలెననునది దూ ఫూ ప్రేమ. ఎదుటివారు మిగులకుండవలెననునది ట్రిస్టాన్ ప్రేమ. మొదటిదానితో సంసారము చేయవచ్చును; రెండవదానితో చావవచ్చును. అయినను ఈ ఒపెరా యందొక నిజాయితీ కలదు: అందు ఇరువురును సమానముగ వెల చెల్లించిరి.

అట్లు చెల్లింపని కథ పుచ్చీనీ రచించిన మాడమ్ బటర్‌ఫ్లై. అమెరికా నౌకాదళోద్యోగి పింకర్టన్ నాగసాకి రేవులో పదునైదేండ్ల బాలికను, ఎప్పుడు కావలసిన అప్పుడు రద్దు చేసికొనదగు ఒడంబడికపై, పెండ్లాడును. ఆమె అతనికై మతము మార్చుకొని బంధువులచే వెలివేయబడును. అతడు ఓడ యెక్కి పోవును. ఆమె బిడ్డతో మూడేండ్లు సముద్రము చూచుచుండును. అతడు అమెరికా భార్యతో తిరిగి వచ్చి బిడ్డను మాత్రము అడుగును. ఆమె తండ్రి కత్తితో ప్రాణము తీసికొనును. 1904 ఫిబ్రవరిలో మిలాన్ నగరపు లా స్కాలాలో మొదటి ప్రదర్శనము విఫలమయ్యెను. పుచ్చీనీ దానిని సవరించి మే నెలలో బ్రెషా పట్టణమున ఆడింపగా జయప్రదమయ్యెను. ఆ సవరణలలో నొకటి, తుది యంకమున పింకర్టన్ పశ్చాత్తాపముతో పాడు పాట. అనంతశోక గీతమును చదివినవారికి ఇది ఆశ్చర్యము గొలుపదు. చాంగాన్ చక్రవర్తికైనను, అమెరికా నావికునికైనను, చేసిన పనికి శిక్ష ఒక చక్కని పాటయే. ఆ పాట వినగానే మనము మెత్తబడుదుము. పశ్చాత్తాపము మంచిదే, కాని అది చచ్చినవారికి గాక బ్రతికినవారికి ఊరట యగునప్పుడు దానిని తూకము వేసి చూడవలెను.

మన యిండ్లకు మరింత దగ్గరయైన జంటకథలు రెండు కలవు. సోంగ్ వంశకాలపు మహాకవి లూ యూ (1125–1210) యౌవనమున తాంగ్ వాన్ అను ఆమెను పెండ్లాడెను. తల్లికి కోడలు నచ్చలేదు, విడువుమనెను, కొడుకు విడిచెను. కొన్నేండ్లకు షావ్‌షింగ్ నగరమున షెన్ వారి తోటలో ఆమె తారసపడగా గోడమీద పద్యము వ్రాసెననియు, కొలది కాలమునకే ఆమె మరణించెననియు పరంపరగా చెప్పుదురు. డెబ్బదియైదేండ్ల వయస్సున గూడ ఆ తోటకు పోయి ఆమెను తలంచి ఆయన పద్యములు చెప్పెను. ఇక వెనిస్ నగరమున 1853లో మొదట ఆడబడిన వెర్డీ రచన లా ట్రావియాటాలో, వయోలెత్తా అను వేశ్య అల్ఫ్రేదోను మనసార ప్రేమించి పాతజీవితమును విడుచును. అతని తండ్రి జెర్మోన్ వచ్చి, నీవలన నా కుమార్తె పెండ్లి చెడుచున్నదని బ్రతిమాలును. ఆమె ఒప్పుకొని, ప్రియునికి కారణము చెప్పక వెడలిపోవును, క్షయచే మరణించును. తండ్రి తుదిక్షణమున వచ్చి ఆమెను బిడ్డగ కౌగిలించుకొనును.

ఒకచోట తల్లి, ఒకచోట తండ్రి. రెండుచోట్లను వంశమర్యాద పేర విరహమును విధించిరి; రెండుచోట్లను విరహము గొప్ప కళ యయ్యెను. లూ యూ ఏబదియేండ్లు మరువకుండుట గొప్పయే. అయినను, ఆ యేబదియేండ్ల జ్ఞాపకముకంటె ఆ నాడు తల్లియెదుట పలుకదగిన ఒక్క మాట పెద్దదని చెప్పక తప్పదు. పితృభక్తిని పరమధర్మముగ నెంచిన సంఘమున ఆ మాట పలుకుట ఎంత కష్టమో మేమెరుగుదుము. అతనిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని చేయదగిన కాలమున చేయని పనికి విరహము తరువాత చెల్లించు వడ్డీ, అసలు తీరదు.

రెండు లోకములు ఒకేచోట కలిసికొన్న రచన పుచ్చీనీ తుది ఒపెరా తురందోత్. కథ పెకింగు నగరమున జరుగును. అందు మల్లెపూవు అను చీనా జానపదగీతపు వరుస వినబడును. అయినను కథామూలము చీనాది కాదు. పారసీక కథనుండి ఇటలీ నాటకకర్త గొజ్జీ ద్వారా వచ్చినది. అందు కలాఫ్ అను రాకుమారుడు క్రూరయగు రాకుమార్తెను కోరును. లియూ యను బానిస, అతడొకనాడు తనను చూచి నవ్వినందుకే, అతనిని ప్రేమించి, అతని పేరు బయటపెట్టక ప్రాణము విడుచును. పుచ్చీనీ ఆమె మరణమువరకు వ్రాసి, తరువాతి ప్రేమఘట్టమును పూర్తి చేయకయే 1924 నవంబరులో కాలధర్మము నొందెను. 1926 ఏప్రిలులో లా స్కాలాలో మొదటి రాత్రి, లియూ మరణించిన చోట తోస్కనీనీ వాద్యములను ఆపివేసెను. నేడు ఆడబడు ముగింపు అల్ఫానో పూరించినది. పుచ్చీనీని ఆపినది వ్యాధియే. అయినను లియూ శరీరము కనుమరుగైన క్షణములకే ఆ రాకుమారుని ప్రేమ జయించినదని పాడుట ఎంత గొప్ప సంగీతమునకైనను కష్టము. ఆ మొదటి రాత్రి నిశ్శబ్దమే ఆ కథకు తగిన ముగింపని మాకు తోచుచున్నది.

ఇంతవరకు చూచినవారు, విరహకావ్యములను చదువరాదని మేము చెప్పుచున్నామని తలంపవచ్చును. రసజ్ఞులు ఆక్షేపణ చేయుదురు: కావ్యమందలి శోకము లోకమందలి శోకము కాదు, అది ఎవరిదియు గాక సర్వసాధారణమై ఆస్వాద్యమగునని అభినవగుప్తాచార్యులు చెప్పలేదా? చెప్పిరి, మేము కాదనము. నాటకశాలలో బటర్‌ఫ్లైకై ఏడ్చినవాడు పాపము చేయలేదు. కాని ఆస్వాదము నాటకశాలలో ఆగునదేనా? పాటలో వేచియుండు స్త్రీని చూచి చూచి, ఇంటిలో వేచియుండు స్త్రీని సైతము పాటగా చూచుట మనకు అలవాటగును. పొట్టకూటికై దూరదేశమునకు పోయినవాని భార్య ఊరిలో అత్తమామలను సాకుచు, అప్పులవారికి సమాధానము చెప్పుచు నుండగా, ఆమె ఓర్పును పొగడి మనము తృప్తిపడుదుము. పొగడ్త ఖర్చు లేని దానము. ఆమెకు కావలసినది ఉత్తరము, డబ్బు, ఒక నిశ్చయమైన తేదీ. సీతమ్మవారివంటి ఓర్పని మనమనునప్పుడు ఆమె ఇంకను ఓర్చుకొనవలెనని ఆజ్ఞాపించుచున్నామని మరువరాదు.

విరహమునకు ఉత్తమమైన రూపమున్నది. దానిని చూపి ముగింతుము. బీథోవెన్ రచించిన ఏకైక ఒపెరా ఫిడేలియో. 1805లో వియన్నాలో ఆడబడి, సవరింపబడి, 1814లో నేటి రూపము పొందెను. ఫ్లోరెస్తాన్ అనువానిని ఒక అధికారి రహస్యముగ చెరలో పెట్టెను. అతని భార్య లియోనోర్ కిటికీకడ నిలిచి పాడుచు కూర్చుండలేదు. మగవేషము వేసి, ఫిడేలియో యని పేరు పెట్టుకొని, ఆ చెరసాలలోనే కూలికి కుదిరెను. తుదకు, నేలమాళిగలో ఒక ఖైదీకి గోయి త్రవ్వు పనికి ఆమెను తోడుకొనిపోయిరి. చీకటిలో ఆ ఖైదీ ముఖము కనబడదు. తన భర్తయో కాదో తెలియదు. ఆ క్షణమున ఆమె, ఈతడెవడైనను సరే, ఈతనిని రక్షింతునని నిశ్చయించుకొనెను. భర్తకై బయలుదేరిన ప్రేమ, భర్త కాని పరునికి సైతము ప్రాణమొడ్డునంతగా పెరిగినది. కొడుకును పోగొట్టుకొన్న నాడు దూ ఫూ దేశమందలి బీదలను తలంచుకొనుటయు ఇదియే. వారిరువురి నడుమ వేయేండ్లును, సగము భూమండలమును ఉన్నవి. ధర్మము మాత్రము ఒక్కటి.

కావున విరహము స్వతః పుణ్యము కాదు, పాపమును కాదు. దానిని తూచుటకు మూడు ప్రశ్నలు చాలును. దూరమైనవారు మన తలపులలో మరింత నిజమైన మనుష్యులగుచున్నారా, బొమ్మలగుచున్నారా? ఈ యెడబాటునకు వెల యెవరు చెల్లించుచున్నారు? చేయదగిన పని యున్నప్పుడు మనము చేయుచున్నామా, పాడుచున్నామా? చదువరులు ఈ ప్రశ్నలను ముందు కావ్యములమీద వేసి చూడవచ్చును, కావ్యములు ఓర్చుకొనగలవు. తరువాత తమ యింటిలో ఎవరు ఎవరికై వేచియున్నారో ఒకసారి చూచి, వారిని పొగడుటకు ముందు, వారికి చలి వేయుచున్నదేమో అడుగుదురుగాక.